మంగళవారం పాతది, శుక్రవారం కొత్తది

తొమ్మిదిన్నరకి రెండు నిమిషాలుందనగా వెర్నెల్ తన బూడిదరంగు కారుని వీధి ఎడమపక్క నుంచి తీసి, కుడిపక్క కార్ల వరసకి ఆనించి నిలబెట్టింది. ఎడమపక్క వాళ్లందరూ అదే పని చేశారు. ఊడ్చే బండి వచ్చి పోయేదాకా ఇలా రోడ్డు మధ్యన కూర్చోవాలి, పోగానే ఎవరి చోట్లోకి వాళ్లు దూరాలి, ఒక్క నిమిషం ఏమరితే పై వీధివాడెవడో వచ్చి దూరతాడు, ఇక సాయంత్రం దాకా న్యూయార్క్‌లోని ఈ బ్రాంక్స్ పేటంతా చక్కర్లు కొట్టడమే. పంతొమ్మిదేళ్లలో వెర్నెల్ చోటు ఒక్కసారీ పోలేదు. వారానికి రెండుసార్లు, తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, ఈ గంటన్నరా ఆమెది. మంగళవారం పాత ఆల్బమ్, శుక్రవారం కొత్త ఆల్బమ్. మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా, ఒక్క పాట దాటెయ్యకుండా, ఫోనెత్తకుండా, మధ్యలో అభిప్రాయం చెప్పకుండా వినాలి. అయ్యాక ఒకే మాట చెబుతుంది, నిలబడుతుందనో, నిలబడదనో. ఆ మాట కోసం ఈ చుట్టుపక్కల ర్యాప్ కట్టే కుర్రకారంతా ఆమె కారు తలుపు తట్టినవాళ్లే, నిలబడదన్నందుకు ఏడ్చినవాళ్లూ ఉన్నారు. ఇవాళ శుక్రవారం, ఇవాళ్టిది మాత్రం మేనకోడలు నైలాది. పన్నెండింటికి అది ఆల్బమ్‌ని కంపెనీకి అప్పగించెయ్యాలి, ఆ తర్వాత మార్చడానికి లేదు. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి, కూర్చోకుండా, గుమ్మంలోంచే చెప్పింది. "అత్తా, చివరి పాట చివర్న ఒక నలభై సెకన్లున్నాయి. ఉంచాలో తీసెయ్యాలో నువ్వే చెప్పాలి. నాన్న పేరు సంగతి. పదకొండుకి ఫోన్ చేస్తా." దాంతోపాటు ఒక కవరు చేతిలో పెట్టి, ఆల్బమ్ అంతా విన్నాకే విప్పమంది. కవరు ఇప్పుడు పక్క సీట్లో ఉంది, లోపల అరచేతిలో పట్టేంత గట్టి వస్తువు ఏదో ఉంది, వెర్నెల్ దాన్ని తడిమి చూసి తెలుసుకుని కూడా తెలియనట్టే ఊరుకుంది.

ముందు కారులోంచి డోరో తల బయటికి వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పోర్టోరికో నుంచి పసితనంలోనే వచ్చినవాడు, వెన్న రాసిన బన్ను ఒక చేత, కాఫీ ఒక చేత. తొంభై ఆరో సంవత్సరం తర్వాత వచ్చినవేవీ ర్యాపే కాదని అతని పట్టుదల, పంతొమ్మిదేళ్లుగా శుక్రవారం శుక్రవారం దాని మీదే పోట్లాట. ఇవాళ ఏం చెత్త అని అడిగాడు. రోస్కో కూతురిది అంది వెర్నెల్. డోరో నములుతున్నది ఆపాడు. "రోస్కో కూతురిదా? అయితే కాస్త అద్దం దించు, నేనూ వింటా." దించను, నువ్వు మధ్యలో వాగుతావు అని ఆమె అద్దం పూర్తిగా ఎక్కించేసి, కవరుని ముట్టుకుంటూ వదులుతూ పదింపావు దాకా గడిపి, అప్పుడు బొత్తాం నొక్కింది. వెర్నెల్ అన్నయ్య, డీజే రోస్కో అంటే ఈ వీధుల్లో అంత మర్యాద, పోయి మూడేళ్లయినా తగ్గలేదు, వీధి చివర హ్యాండ్‌బాల్ ఆడుకునే గోడ మీద అతని బొమ్మ వేశారు, మొహం కాస్త పొడుగ్గా వచ్చింది గాని చేతులు మాత్రం అచ్చం అవే, రికార్డు అంచుని రెండు వేళ్లతో పట్టుకున్న చేతులు.

మొదటి పాట. దరువు లేదు, ఒక్క బేస్ గిటారు తీగ, నైలా గొంతు తగ్గు స్థాయిలో, పక్కన కూర్చుని చెబుతున్నట్టు. తొందర లేదు ఈ పిల్లకి, మంచిది, మొదటి పాటలోనే కండలు చూపించేవాడి దగ్గర తొమ్మిదో పాటకి ఏమీ మిగలదు. ఆ తీగ ఎక్కడిదో వెర్నెల్‌కి రెండు చుట్లలో తెలిసిపోయింది, రోస్కో పెట్టెలోది, నలుపు మీద సన్నటి గీత పడిన రికార్డు, పేరు తెలియదు. వాటిలో దేని పేరూ తెలియదు. డెబ్భైల్లో అన్నయ్య రికార్డు కొనుక్కురాగానే చేసే మొదటి పని స్నానాలతొట్టిలో గోరువెచ్చని నీళ్లు పట్టి, మధ్యనుండే కాగితం మాత్రం నానేలా ఆనించి పట్టుకోవడం, ఇక దాన్ని గోటితో గీకి ఊడదియ్యడం వెర్నెల్ పని. పక్క పేట డీజేలు భుజం మీంచి తొంగిచూసి పేరు కనిపెట్టేస్తారని భయం. అమ్మ పనినుంచి వచ్చి తొట్టి నిండా కాగితం ముక్కలు చూసి ఇద్దరికీ వీపు విమానం మోత మోగించేది. పేర్లు పోయాక నాలుగొందల రికార్డులూ ఒకటే నలుపు, ఏది ఏదో అన్నయ్యకే తెలిసేది కాదు, చెల్లెలికి తెలిసేది. బల్బు కిందకి వంచి చూస్తే గాడుల్లో పాట కనబడుతుంది, నిండుగా వాయిద్యాలున్న చోట ఒక మెరుపు, డ్రమ్స్ ఒక్కటే మిగిలే ఆ పది సెకన్ల చోట వేరే మెరుపు. అన్నయ్య చెయ్యి చాపితే చాలు, ఏది కావాలో అడక్కుండానే తీసి ఇచ్చేది. పన్నెండేళ్లకే ఆ పిల్లకి ఈ పేటలో ఎవరికీ లేని చెవులొచ్చాయి, ఈ మాట చెప్పుకోవడానికి ఆమెకి సిగ్గేమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పడానికి సిగ్గెందుకు.

రెండో పాట, మూడో పాట. ఇప్పుడు దరువొచ్చింది, పొడిగా, గట్టిగా, మొదట్లో వచ్చిన ర్యాప్ ఆల్బముల్లాగా. అమ్మ వాటిని విని ఇందులో పాటేదే అని అడిగేది. పాట లేదమ్మా, డ్రమ్స్ మీద ఇద్దరు మనుషులు గట్టిగా మాట్లాడుకుంటున్నారు, అంతే, అది చాలదా? వెర్నెల్‌కి చాలింది. పోస్టాఫీసులో రాత్రి షిఫ్టులో ఉత్తరాలు వేరుచేస్తూ ముప్ఫై ఏళ్లు, నడుముకి క్యాసెట్ ప్లేయరు, చెవులకి స్పాంజి హెడ్‌ఫోన్లు, ఒక్కో ఆల్బమ్ ఒక్కో పేట పిన్‌కోడుతో కలిసిపోయి గుర్తుండిపోయింది. ఎర్ర అట్ట క్యాసెట్ ఒకటుండేది, క్వీన్స్ పేట కుర్రాడిది, ఇరవై నిండని పిల్లాడు, ఆరో అంతస్తు కిటికీలోంచి కింద వీధిని చూస్తూ చెబుతున్నట్టుంటుంది, ఒక్క మాట అదనంగా ఉండదు, మంచు పడే రాత్రి అది వింటూ చేతులు ఆపి నిలబడిపోతే సూపర్‌వైజరు భుజం తట్టాడు. ఇంకొకటి, తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ మీదకి ఎక్కించుకున్నది, ఒక పక్క నలభై ఐదు నిమిషాలకి అయిపోతుంది గదా, చివరి పాటలో మాట మధ్యలో టేపు అయిపోయేది, "నేను తిరిగి వ" అని. పదకొండేళ్లు ఆమె ఆ ఆల్బమ్ అక్కడే ముగుస్తుందనుకుంది, అంత ధైర్యంగా ముగించినవాడు మరొకడు లేడని అందరికీ చెప్పింది, వాదించింది. తర్వాత సీడీ కొని వింటే వాడు తిరిగి వచ్చి, కుశలప్రశ్నలడిగి, అమ్మకీ దేవుడికీ థాంక్స్ చెప్పి, మూడు నిమిషాలు సాగదీసి పోయాడు. ఆమె సీడీని డోరోకి ఇచ్చేసి క్యాసెట్‌నే ఉంచుకుంది. ఇప్పటికీ తన క్యాసెట్‌దే సరైన ముగింపని ఆమె అభిప్రాయం.

నాలుగో పాట అయిపోతోంది, ఇందులో పల్లవి ఒకసారి ఎక్కువైంది, పరవాలేదు. డోరో లాంటివాళ్లు కొత్తవాటిని తిట్టేది వినకుండా. అమెరికా దక్షిణాది నుంచి వస్తున్న పిల్లలు నోట్లో అన్నం ముద్దలున్నట్టు మాట్లాడతారని వాళ్ల ఫిర్యాదు. మొదట వెర్నెల్ కూడా నవ్వింది, కాని రూలు రూలే, చివరిదాకా వింది, మూడో శుక్రవారానికి అర్థమైంది, వాళ్లు మాట చెప్పడం లేదు, మాటని డ్రమ్ములా కొడుతున్నారు, అర్థం ఎక్కడో అడుగున ఉంటే ఉంటుంది. నిరుడు మెంఫిస్ అమ్మాయి ఒకతి చేసిన ఆల్బమ్‌లో అసలు డ్రమ్సే లేవు, ఊపిరి పీల్చడం దగ్గరే తాళం, వెర్నెల్ ఆ శుక్రవారం బండి వచ్చింది కూడా చూసుకోలేదు. చెత్త లేదని కాదు. ఇరవై ఏడు పాటలు పోసి ఫోనులో వదిలేస్తారు, ఎవరికి ఏది నచ్చితే అది ఏరుకుంటారని, అది ఆల్బమ్ కాదు, సంత. ఆల్బమంటే ముప్ఫై ఎనిమిది నిమిషాలు, మరీ చెప్పేది ఉంటే నలభై నాలుగు. పాతవాటిలోనూ సగం సొల్లే, ఆడవాళ్లని తిట్టడానికి టేపు ఒక పక్కంతా ఖర్చుపెట్టినవి ఎన్ని లేవు, డోరోకి అవన్నీ మరుపు, మంచివి మాత్రం జ్ఞాపకం. నైలాది ముప్ఫై తొమ్మిది నిమిషాలు. రోస్కో ఉంటే మురిసిపోయేవాడు, పైకి చెప్పకపోయినా.

ఆరో పాట మొదలవగానే, స్టీరింగు మీద తాళం వేస్తున్న వెర్నెల్ చెయ్యి ఆగిపోయింది. ఆ దరువు డ్రమ్ము కాదు. చెక్క మడమ. దబ్బుమని ఒక మడమ దెబ్బ, వెంటనే రికార్డు మీంచి ముల్లు ఎగిరిన కీచుమనే చప్పుడు, మళ్లీ మడమ, మళ్లీ ముల్లు. నైలా ఆ రెండింటినీ కోసి అతికి, చుట్టూ తిప్పి, దాని మీద పాట కట్టింది. ఎంత బాగుందంటే వెర్నెల్‌కి ముందు అదే తోచింది, ఎంత బాగుందో అని, ఆ తర్వాతే చెవులు వేడెక్కాయి. ఆ మడమ తనది. ఆ కీచు ఆమె డెబ్భై తొమ్మిది జూలై నుంచి ఎరుగును.

ఆ కథ ఆమె నోటనే ఊరందరూ విన్నదే. బడి వెనక పార్కు, దీపస్తంభం మూత ఊడదీసి తీసుకున్న కరెంటు, పాలక్రేట్ల మీద తలుపు చెక్క, దాని మీద రెండు టర్న్‌టేబుళ్లు, వెనక రోస్కో, ఇరవై ఏళ్లవాడు. ఆమెకి పదిహేను. వేసవంతా మైకు ఇమ్మని ప్రాణం తీసింది, పదహారు పంక్తులు రాసుకుంది, ఒక సాయంత్రం దీపాలు వెలగకముందే ఇచ్చాడు. కొత్త చెక్క చెప్పులు వేసుకుంది. ఎనిమిదో పంక్తి దగ్గర ఉత్సాహం పట్టలేక నేల మీద మడమ వేసింది, చెక్క అదిరింది, ముల్లు ఎగిరింది, పాట తెగింది, రెండొందల మంది గొల్లుమన్నారు. వెర్నెల్ మైకు పడేసి, పిల్లిలా పరిగెత్తి, ఆరంతస్తులు ఎక్కి, మంచం కింద దూరింది. ఆ పిల్లి మాట రోస్కోది. ప్రతి థ్యాంక్స్‌గివింగ్ పండక్కి మకరోనీ వడ్డిస్తూ ఆ కథ చెప్పేవాడు, పరుగు అభినయించేవాడు, బల్ల చుట్టూ అందరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వేవాళ్లు, అందరికన్నా గట్టిగా వెర్నెల్ నవ్వేది. కొన్నాళ్లకి తనే చెప్పడం మొదలుపెట్టింది. దేవుడు నాకు చెవులిచ్చాడమ్మా, నోరు రోస్కోకి ఇచ్చాడు అని ముగించేది. మళ్లీ ఎన్నడూ మైకు ముట్టుకోలేదు. అదేం బాధా కాదు, వినడమంటే తక్కువ పనని ఎవరన్నారు, ఈ పేటలో ఎందరి నోళ్లో ఆమె చెవుల మీద ఆధారపడ్డాయి. ఆ దెబ్బతో దారి తెలిసిందని అనుకుంది. మనస్ఫూర్తిగానే అనుకుంది.

ఏడు, ఎనిమిది, తొమ్మిది ఎలా పోయాయో, విన్నది, వినకపోవడం ఆమె వల్ల కాదు, తొమ్మిదోదాంట్లో నాన్న ఆస్పత్రి గదిని నైలా ఎనిమిదే పంక్తుల్లో చెప్పింది, ఏడవమని ఎక్కడా అడగలేదు, వెర్నెల్ ఏడ్చింది. పదీ యాభైకి ఊడ్చే బండి వచ్చింది, బ్రష్షులు తిప్పుకుంటూ, ఎడమపక్క కాలవంతా తడిపేసి పోయింది. కార్లు కదిలాయి. డోరో తన చోట్లో దూరి, ఆమె చోటు ముందు అడ్డంగా నిలబడి చెయ్యి ఊపుతున్నాడు, రా రా అని. వెర్నెల్ అద్దంలోంచి వేలెత్తి ఆగమంది. పదో పాట మొదలైంది. చివరిది.

మూడు నిమిషాలు నైలా పాడింది, తర్వాత అన్నీ ఒక్కొక్కటే జారిపోయి, సొర్రుమనే పాత టేపు చప్పుడు మిగిలింది. పార్కు. ఎవరిదో కుక్క. బల్ల కింద పెట్టిన పెద్ద రేడియో టేపురికార్డరు తనంతట తను విన్నదంతా పట్టుకున్నది ఇది. ఒక పిల్ల గొంతు, సన్నగా, నిబ్బరంగా, ఇది తనా? ఏడో పంక్తి, ఎనిమిదో పంక్తి, మడమ, కీచు, గొల్లుమని నవ్వు. ఇప్పుడు పరుగు వినిపించాలి. వెర్నెల్ స్టీరింగు పట్టుకుంది. పరుగు వినిపించలేదు. మడమ వినిపించింది. దబ్, దబ్, సిమెంటు మీద, డ్రమ్సు లేవు, రికార్డు లేదు, మడమ ఒక్కటే తాళం వేస్తుంటే ఆ పిల్ల తొమ్మిదో పంక్తి అందుకుంది. పదో పంక్తి. నవ్వు ఆగిపోయింది. ఎవరో చప్పట్లు కలిపారు, ఇంకొకరు, పదకొండో పంక్తికి పార్కంతా చప్పట్లు. "ఆరంతస్తులు ఎక్కొచ్చాను, ఆయాసం నాకు లేదు, లిఫ్టు చెడి మూడేళ్లయింది, నా నోరింకా చెడలేదు." హోరుమన్నారు జనం. అప్పుడు టుక్ అని ఒక చిన్న చప్పుడు. బల్ల కింద మెషినుకి అది దగ్గరగా వినబడింది. స్పీకర్లలోంచి పిల్ల గొంతు మాయమైంది, ఉత్త గొంతు మాత్రం దూరంగా ఒక అర పంక్తి సాగి, తెలియక, వెతుక్కుని, ఆగిపోయింది. మైకులో రోస్కో నవ్వుతూ అన్నాడు. "మా చెల్లికి సిగ్గేసిందండోయ్, పారిపోయింది." ఆ పైన కొత్త రికార్డు. ఆల్బమ్ అయిపోయింది.

ఆ టుక్ ఏమిటో వెర్నెల్‌కి ఒకరు చెప్పనక్కర్లేదు, రోస్కో మిక్సరు మీద మైకు ఆపే ఎడమ పక్క మీట, కాస్త బిగువు, బొటనవేలితో గట్టిగా నొక్కాలి, పొరపాటున పడేది కాదు. అన్నయ్యా. కోపమొచ్చింది, మూడేళ్ల కింద మట్టిలో పెట్టిన మనిషి మీద, ఇప్పుడే వెళ్లి ఆ గోడమీది పొడుగు మొహాన్ని కడిగెయ్యాలన్నంత. ఎందుకు చేశాడో కూడా తెలుసు, అది తెలియడం ఇంకా కోపం. జనం చప్పట్లు కొడుతున్నారు, రికార్డు తిరగడం లేదు, తన బల్ల దగ్గర తనకే పని లేకుండా పోయింది, ఇరవై ఏళ్లవాడు, హడలిపోయాడు. పోనీ. కాని ఆ రాత్రే వచ్చి మంచం పక్కన కూర్చుని, నువ్వే పారిపోయావే పిచ్చిదానా అని తల నిమిరాడే, అదేమిటి. అంతకన్నా తనేమిటి. టేపు మీద మూడోసారి ఎక్కించిన పాటని కూడా ఇది అసలుది కాదని చెప్పగల మనిషి, ఎవరి మాటా నమ్మకుండా చెవుల్నే నమ్మిన మనిషి, తన సంగతి ఒక్కటీ వచ్చేసరికి విన్నది వదిలేసి అన్న చెప్పింది నమ్మింది. నలభై ఐదేళ్లు. ఆ కథకి నవ్వింది, వడ్డించింది, ముగింపు కూడా తనే కుట్టింది.

కవరు చింపింది. అనుకున్నదే, క్యాసెట్. మామూలుగా అయితే వీటి మీద మళ్లీ మళ్లీ ఎక్కించేవారు, ఆ రోజుల్లో ఖాళీ టేపు దొరికితే పండగ, రోస్కో అయితే ప్రార్థన టేపుల మీద కూడా ఎక్కించి అమ్మ చేత దెబ్బలు తిన్నాడు. దీని పైఅంచున రెండు చిన్న రెక్కలూ విరిచేసి ఉన్నాయి. మళ్లీ ఎవరూ, తనైనా సరే, దీని మీద ఏమీ ఎక్కించకుండా. ముందువైపు ఒక కాగితం అంటించి ఉంది. నాలుగొందల రికార్డుల పేర్లు నీళ్లలో నానబెట్టి ఊడదీసినవాడు, జీవితంలో దేనికీ పేరు అంటించనివాడు, వంకర అక్షరాలతో రాసి అంటించాడు, వెర్న్ అని. అంతే. దాచుకున్నాడు, పారెయ్యలేదు, చూపించనూ లేదు. నలభై ఏళ్లు ప్రతి కొత్త ఆల్బమూ ముందు ఆమెకే తెచ్చి, ఏమంటావు వెర్న్ అని మొహంలోకి చూస్తూ నిలబడేవాడు, ఆమె అనుకునేది ఆల్బమ్ గురించే అడుగుతున్నాడని. ఆమె క్యాసెట్‌ని ఒళ్లో పెట్టుకుంది. కోపం పోలేదు, పోవాలని కూడా అనిపించలేదు. ప్రేమ కూడా అలాగే ఉంది, రెండూ ఒకే సీట్లో సర్దుకుని కూర్చున్నాయి.

పదకొండు. ఫోను మోగింది. వెనక ఎవడో పాలవ్యాన్ వాడు హారను కొడుతున్నాడు, రోడ్డు మధ్యన ఇప్పుడు మిగిలింది ఆమె కారొక్కటే. డోరో ఆమె చోటులోంచి కదలకుండా, దూరబోయిన ఒక టాక్సీవాణ్ణి స్పానిష్‌లో తిడుతున్నాడు.

"విన్నావా అత్తా?"

"విన్నా. నిలబడుతుంది. నాలుగో పాటలో ఒక పల్లవి కొట్టెయ్."

నైలా ఊపిరి వదలడం వినబడింది. తర్వాత మెల్లిగా అడిగింది. "ఆ చివర్న?"

"ఎన్నాళ్లయిందే నీకు దొరికి?"

"చలికాలంలో, నాన్న బట్టల పెట్టెలో. నీకెలా చెప్పాలో తెలియలేదు. తీసెయ్యమంటే తీసేస్తా అత్తా, ఆయన్ని అందరూ దేవుడంటున్నారు. నువ్వు ఊఁ అంటేనే."

వెర్నెల్ గోడవైపు చూసింది, ఇక్కడినుంచి బొమ్మ సగమే కనిపిస్తుంది, చేతులు. "తీసెయ్యకు. ఆ టుక్‌ని ఇంకొంచెం పైకి తే, సరిగ్గా వినబడాలి. వాడు మంచివాడే, అందుకే వినబడాలి. కాని ఆల్బమ్ అక్కడ ఆపకు."

"అక్కడితో టేపులో అయిపోయిందిగా."

"టేపులో అయిపోయింది. నేను రాసింది పదహారు. పన్నెండే చెప్పనిచ్చాడు." చెబుతుంటే గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆ రోజుల్లో పేరు చివర్నే చెప్పుకునేవాళ్లు, ఆఖరి పంక్తిలో, అందుకే ఆ పార్కులో చప్పట్లు కొట్టిన వాళ్లెవరికీ ఆ పిల్ల ఎవరో తెలియకుండా పోయింది, సిగ్గుపడి పారిపోయిన రోస్కో చెల్లెలని తప్ప. ఆ నాలుగు పంక్తులూ ఇన్నేళ్లూ ఎక్కడున్నాయో, వెతకనక్కర్లేకుండా వరసగా వచ్చి నిలబడ్డాయి, కాగితం మీది సిరా మరకతో సహా. "మైకు పెట్టుకున్నావా?"

"అత్తా, ఫోనులోనా? స్టూడియోకి రా, పన్నెండులోపల."

"ఇప్పుడే. ఆ టేపు బాగా లేదు, ఇదీ బాగుండక్కర్లేదు."

నైలా ఏదో నొక్కిన చప్పుడు. ఊఁ అంది. వెర్నెల్ అద్దాలు నాలుగూ దించేసింది. హారన్లు లోపలికి వచ్చాయి, డోరో కేక వచ్చింది, ఏమైందే నీకు, చోటు పోతుంది అని. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి పోతే పోనీ. ఆమె ఫోనుని డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టి, బూటు మడమ ఎత్తి, కారు నేల మీద బలంగా వేసింది. ఏ ముల్లూ ఎగరలేదు. మళ్లీ వేసింది, తాళం కుదిరింది, డోరో టాక్సీవాణ్ణి వదిలేసి ఇటు తిరిగాడు.

"పేరేంటని అడగొద్దు," అంది వెర్నెల్, "చివర్న చెబుతా, ఆగండి."